సంతకం పెట్టే ముందు

అమ్మలూ,

ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా చేరతానని నువ్వు చెప్పినప్పటి నుంచి మీ అమ్మకు ఒకటే టెన్షన్, చదువు ఆగిపోతుందేమోనని. ఆగదని చెప్పాను. పగలంతా సైట్లో పని ఉన్నా క్లాసులు తప్పవు, ఏడాదికి కనీసం 144 గంటలు ఉండాలని ఇక్కడి అమెరికా ఫెడరల్ నిబంధనల్లోనే సూచించారు. కాలేజీకీ దీనికీ పెద్ద తేడా ఏమిటంటే మొదటి రోజు నుంచే జీతం వస్తుంది.

మా మెషీన్ షాపులో అప్రెంటిస్‌లను చూసుకునేది నేనే కాబట్టి, కంపెనీ వైపు సంగతులు కాస్త తెలుసు. ముందు ఆ ప్రోగ్రామ్ లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గరో, మీ స్టేట్ అప్రెంటిస్‌షిప్ ఏజెన్సీ దగ్గరో రిజిస్టర్ అయిందో లేదో చూడు. 1937 నాటి చట్టం కింద నడిచే పద్ధతి ఇది. రిజిస్టర్ అయితే ఎన్నేళ్లు, ఏమేం నేర్పాలి, జీతం ఏ మెట్టులో ఎంత పెరగాలి అన్నీ ముందే రాసి ఆమోదం తీసుకోవాలి. జర్నీమ్యాన్, అంటే శిక్షణ పూర్తిచేసుకున్న పనివాడి జీతంలో ఇంత శాతంతో మొదలు, ఇన్ని గంటలు పూర్తయితే ఇంత అని ఒప్పందంలోనే ఉంటుంది. పెంచమని ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు.

కంపెనీలు ఊరికే నేర్పవు. పనొచ్చినవాళ్లు దొరక్క, తమ పద్ధతిలో తామే తయారుచేసుకుంటాయి. ప్రభుత్వ నిర్మాణ పనుల్లో ఇంకో లాభం కూడా ఉంది. అక్కడ నిర్ణయించిన పూర్తి కూలి కంటే తక్కువ ఇవ్వడం కుదిరేది రిజిస్టర్ అయిన అప్రెంటిస్‌లకే. అందుకే ఎంతమంది జర్నీమెన్‌కు ఎంతమంది అప్రెంటిస్‌లు ఉండొచ్చో పరిమితి పెట్టారు. లేకపోతే సైటంతా కుర్రాళ్లే, నేర్పేవాడు ఒక్కడూ ఉండడు! నీ పక్కన నిలబడి నేర్పేది ఎవరని అడుగు. సమాధానం చెప్పకుండా నీళ్లు నమిలితే ఆలోచించాల్సిందే.

అన్నిటికంటే గంటల లాగ్ ముఖ్యం. మా దగ్గర ప్రతి శుక్రవారం ఆ షీట్లు నా బల్ల మీదికి వస్తాయి: లేత్ మీద ఇన్ని గంటలు, మిల్లింగ్ మీద ఇన్ని, గ్రైండింగ్ మీద ఇన్ని. ఒకడి షీట్లో వారాల తరబడి డ్రిల్ ప్రెస్ ఒక్కటే కనిపిస్తే ఫోర్‌మన్‌ను పిలుస్తాను. వాడు ఆ పనిలో చెయ్యి తిరిగినవాడై ఉంటాడు, అందుకే అక్కడినుంచి కదలనివ్వరు. షాపుకు లాభమే, వాడికి మాత్రం నష్టం. మీ పనిలోనూ అంతే, నాలుగేళ్లూ వైరు లాగిస్తూ, కండ్యూట్ (వైర్లు పోయే గొట్టం) వంపిస్తూ ప్యానెల్ జోలికి రానివ్వని చోట్లు ఉంటాయి. ఎలక్ట్రీషియన్‌కు మామూలుగా 8,000 గంటలు ఉంటుంది. ఏ పనికి ఎన్ని గంటలో ఒప్పందంతో పాటే షెడ్యూల్ ఇస్తారు. దాన్ని దగ్గర పెట్టుకుని నీ లెక్క నువ్వు విడిగా రాసుకో.

ప్రొబేషన్ ఏడాదికి గానీ, మొత్తం కాలంలో నాలుగో వంతుకు గానీ మించకూడదు, ఏది తక్కువైతే అది. ఆ లోపల నువ్వైనా వాళ్లైనా కారణం చెప్పకుండా వదిలేయొచ్చు. తర్వాత నిన్ను తీసెయ్యాలంటే మాత్రం తగిన కారణం ఉండాలి, ముందు నోటీసిచ్చి సరిదిద్దుకునే అవకాశమూ ఇవ్వాలి. కొన్నిచోట్ల మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు కట్టాలని వేరే కాగితం పెడతారు, అది చదవకుండా సంతకం పెట్టకు. పూర్తయ్యాక వచ్చే సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది గానీ, లైసెన్స్ పరీక్ష ఏ స్టేట్‌ది ఆ స్టేట్‌దే.

నీ కాలేజీకని 529లో, అంటే చదువుల పొదుపు ఖాతాలో దాచిన డబ్బు వృథా అవుతుందని మీ అమ్మ బాధ. 2019లో చట్టం మార్చారు, రిజిస్టర్ అయిన అప్రెంటిస్‌షిప్ ఫీజులకూ, పుస్తకాలకూ, వాళ్లు తప్పనిసరి అన్న పనిముట్లకూ అది వాడొచ్చు. టూల్స్ లిస్టు ఇస్తారు కదా, అది, ఒప్పందం కాపీ రెండూ ఫోటో తీసి పంపు. శనివారం ఫోన్లో కూర్చుని చూద్దాం.

నాన్న