ఆరు మాటలకూ ‘తెలివైన’ ఒక్కటే అర్థమా?

సంపాదకులు గారికి నమస్కారం.

పదో తరగతి విద్యార్థుల కోసం మీ పత్రిక ఇస్తున్న ఇంగ్లీషు పదాల శీర్షికను మా వీధి పిల్లల చేత నేనే దగ్గరుండి చదివిస్తుంటాను. కిందటి వారం అందులో వైజ్, క్లెవర్, కన్నింగ్, ష్రూడ్, ఎరుడైట్, సావీ అనే ఆరు మాటలు ఇచ్చి, ఆరింటికీ ఎదురుగా ‘తెలివైన’ అన్న ఒకే అర్థం అచ్చువేశారు. దాని ఫలితం మర్నాడే నా కంటబడింది. ఊళ్లో గట్టు తగాదా వస్తే ఇరుపక్షాలవారూ తన తాతగారి మాటకే కట్టుబడతారని గర్వంగా చెప్పుకునే ఒక అమ్మాయి, ఆయన గురించిన వ్యాసంలో ‘మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఎ కన్నింగ్ మ్యాన్’ అని గుండ్రటి అక్షరాలతో రాసి తెచ్చింది. ఆ మాటకు నేడు జిత్తులమారి అని అర్థమని చెప్పగానే పిల్ల ముఖం చిన్నబోయింది. ఆ వాక్యం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ‘పేపర్లో తెలివైన అనే ఉంది కదా మాస్టారూ’ అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు.

నిజానికి కన్నింగ్ పుట్టుకతో చెడ్డ మాట కాదు. ‘తెలియు’ అనే అర్థమున్న పాత ఇంగ్లీషు క్రియ నుంచి వచ్చి, చాలాకాలం పనితనాన్ని మెచ్చుకునే మాటగానే చలామణి అయింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఇశ్రాయేలీయుల ఆరాధనా స్థలమైన ప్రత్యక్ష గుడారపు తెరల మీది నేతపనిని వర్ణించడానికి వాడింది ఈ మాటనే. రానురాను అది దిగజారింది. ష్రూడ్ సరిగ్గా ఎదురు దారిన నడిచింది. ఒకప్పుడు దుష్టుడనే అర్థంలో వాడిన ఆ మాట నేడు లౌక్యమూ ముందుచూపూ ఉన్న వ్యాపారిని మెచ్చుకోవడానికి పనికివస్తోంది. ఇది మనకు తెలియని సంగతి కాదు. ‘జాణ’ అంటే మన కావ్యాల్లో నేర్పరి అని అర్థం, కానీ ఈనాడు ఒక స్త్రీని పట్టుకుని జాణ అంటే అందులో మెచ్చుకోలు ఎంతో, దెప్పిపొడుపు ఎంతో అన్నది అనేవారి గొంతును బట్టి ఉంటుంది. ఈ పోలిక చెబితే ఏ తెలుగు పిల్లవాడైనా కన్నింగ్ సంగతి ఇట్టే పట్టుకుంటాడు.

వైజ్, విజ్‌డమ్ అనే మాటలు మన ‘వేదం’, ‘విద్య’ పుట్టిన మూలం నుంచే వచ్చాయి. ‘తెలియు’ అనే అర్థమున్న ‘నో’ (know) క్రియ మన ‘జ్ఞానా’నికి చుట్టం. పలకని ‘కె’ అక్షరాన్ని రాయడం దేనికని పిల్లలు విసుక్కుంటారు కానీ, ఒకప్పుడు ఇంగ్లీషువారు దాన్ని పలికేవారనీ, మన ‘జ్ఞ’లోని జకారానికి అక్కడ నిలిచినది ఆ కకారమేననీ చెప్పి చూడండి, ఇక ఆ అక్షరాన్ని మరిచిపోరు. ముప్ఫై ఏళ్లకు పైగా తరగతి గదిలో గడిపిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

నా ఉద్యోగం పేరే తెలుగు పండిట్ కనుక, మన దగ్గర నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన ‘పండిట్’ గురించి కూడా ఒక మాట చెప్పాలి. కంపెనీ కాలపు న్యాయస్థానాల్లో హిందూ ధర్మశాస్త్రాన్ని వివరించే అధికారిని ఆ పేరుతోనే పిలిచేవారు. 1864లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి. సర్వే శాఖ తరఫున మారువేషంలో టిబెట్‌కు వెళ్లి, నూరు పూసల జపమాలతో అడుగులు లెక్కబెట్టుకుంటూ 1866లో లాసా చేరిన నయన్‌సింగ్ రావత్ బడిపంతులు కావడం వల్లనే పండిట్ అయ్యారు. ఇప్పుడు ఇంగ్లీషులో ఆ మాటకు టీవీలో అభిప్రాయాలు చెప్పే వ్యాఖ్యాత అన్న అర్థమే ముందుకు వచ్చింది. దాన్నే మనం ‘రాజకీయ పండితులు’ అని తిరిగి దిగుమతి చేసుకుంటున్నాం. ‘రాజకీయ విశ్లేషకులు’ అన్న చక్కటి మాట ఉండగా ఈ అవసరం ఏమొచ్చిందో నాకు బోధపడదు.

శీర్షిక నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. వైజ్ అంటే వివేకి, క్లెవర్ అంటే చురుకైన బుద్ధి గలవాడు, ఎరుడైట్ అంటే బహుశ్రుతుడు, సావీ అంటే ఒక రంగపు ఆనుపానులు తెలిసినవాడు అని విడివిడిగా ఇచ్చి, ప్రతి మాటకూ ఒక సొంత వాక్యం జతచేయండి. స్థలం చాలకపోతే ఆరు మాటలకు బదులు మూడే ఇవ్వండి. ఆ అమ్మాయి కన్నింగ్ కొట్టివేసి వైజ్ అని దిద్దుకుంది. వచ్చే వారం అదే శీర్షికలో సవరణ వేస్తే, ఆ పట్టికను నోటు పుస్తకాల్లో ఎక్కించుకున్న మిగతా పిల్లలూ దిద్దుకుంటారు.

భవదీయుడు,
విశ్రాంత తెలుగు పండితుడు,
తెనాలి.