ఊడదీయక ముందే ఫొటో తీయండి

సంపాదకులకు నమస్కారం.

పాత ఇంజన్ల మీద కనిపించే అంతుబట్టని భాగాల ఫొటోలు పాఠకులు పంపితే మీరు వేస్తున్నారు, సంతోషం. కానీ వాటిలో చాలా ఫొటోలు భాగాన్ని అప్పటికే ఊడదీసి, తళతళలాడేలా రుద్ది, గుడ్డ మీద పెట్టి తీసినవే. అలా విడిగా చూపిస్తే ఎంత అనుభవం ఉన్న మెకానిక్ అయినా గట్టిగా చెప్పలేడు. అది ఏ పైపుకి కలిసింది, దేనితో తిరుగుతోంది అన్నదే అసలు ఆనవాలు. రూపం చాలాసార్లు మోసం చేస్తుంది.

1920ల నాటి కార్లనే తీసుకోండి. ఇంజన్‌కీ డ్రైవర్‌కీ మధ్య ఉన్న గోడకు బిగించిన నిలువు డబ్బాని చూడగానే ఆయిల్ ఫిల్టర్ అనేస్తారు. దాని గొట్టాల వెంట వెళ్లి చూడండి. ఒకటి ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కి (సిలిండర్లలోకి గాలీ పెట్రోలూ వెళ్లే గొట్టానికి), ఇంకొకటి వెనకున్న పెట్రోల్ ట్యాంకుకి, అడుగు నుంచి మరొకటి కార్బురేటర్‌కి పోతుంటే అది వాక్యూమ్ ట్యాంకు. ఇంజన్ పీల్చే బలంతోనే పెట్రోల్‌ని పైకి లాగి, అక్కడి నుంచి దానంతటదే కిందికి పారేలా చేసే ఏర్పాటు. అందుకే అది కార్బురేటర్ కంటే ఎత్తులో ఉంటుంది. లోపలి ఫ్లోట్‌కి (పెట్రోల్ నిండగానే తేలి పీల్పుని ఆపే బుడ్డికి) చిల్లు పడితే అది తేలదు, పీల్పు ఆగదు. పెట్రోల్ నేరుగా మానిఫోల్డ్‌లోకి పోయి ఇంజన్ నల్లటి పొగ కక్కుతుంది. గొట్టాలు కోసేసి డబ్బా ఒక్కటే చూపిస్తే ఇదంతా ఎవరికి తెలుస్తుంది?

తిరిగే భాగమైతే చుట్లు లెక్కపెట్టాలి. స్పార్క్ ప్లగ్ విప్పి, తీగని ప్లగ్‌కే ఉంచి, ప్లగ్‌ని ఇంజన్ లోహానికి ఆనించండి. తీగని గాలికి వదిలేస్తే, ఆ భాగం మాగ్నెటో (అయస్కాంతంతో స్పార్కుకి కరెంటు పుట్టించేది) అయిన పక్షంలో షాక్ కొడుతుంది, లోపలి కాయిల్ ఇన్సులేషన్ కూడా దెబ్బతింటుంది. తర్వాత ఫ్లైవీల్ (క్రాంక్ షాఫ్టు చివరి బరువైన చక్రం) మీదా, ఆ భాగం షాఫ్టు మీదా సుద్దగీత పెట్టి ఫ్లైవీల్‌ని చేత్తో సరిగ్గా 2 చుట్లు తిప్పండి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఆ షాఫ్టు ఒక్క చుట్టే తిరిగితే అది కామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే షాఫ్టు) వేగం, అంటే టైమింగ్‌తో (స్పార్కు, వాల్వులు సరైన క్షణానికి పనిచేయడంతో) పని ఉన్న భాగమై ఉండొచ్చు. మామూలు మాగ్నెటో చుట్టుకి 2 స్పార్కులిస్తుంది కాబట్టి 4 సిలిండర్ల ఇంజన్‌కి క్రాంక్ వేగంతోనూ (అంటే ఫ్లైవీల్ వేగమే), 6 సిలిండర్లకి ఒకటిన్నర రెట్ల వేగంతోనూ తిరుగుతుంది. లెక్క ఇలా తేలకుండా రెండుంపావు, రెండున్నర అంటూ వస్తే, పైగా బెల్టు మీద నడుస్తుంటే, మాగ్నెటో ఆశ వదులుకోవచ్చు. జారే బెల్టుకి టైమింగ్ అప్పగించరు. అది డైనమోనో, నీళ్ల పంపో, ఫ్యానో అవుతుంది.

మాగ్నెటో అనిపిస్తే దాని షాఫ్టుని వేళ్లతో మెల్లగా తిప్పండి. చుట్టులో రెండుచోట్ల బిగుసుకుని, దాటగానే ముందుకు లాక్కుంటుంది. అది అయస్కాంతం పట్టు, బేరింగ్ పాడైందనుకోకండి. చుట్టులో ఒకటి రెండుసార్లు టక్కుమంటే ఇంపల్స్ కప్లింగ్ (స్టార్ట్ చేసేటప్పుడు స్ప్రింగుతో మాగ్నెటోని విసురుగా తిప్పే ఏర్పాటు) ఉందన్నమాట. లోపలేముందో చూద్దామని ఆర్మేచర్‌ని (తీగ చుట్టిన తిరిగే భాగాన్ని) మాత్రం లాగకండి. పాత గుర్రపునాడా అయస్కాంతాల ధ్రువాల మధ్య ఇనుపముక్క ఆనించకుండా లాగితే వాటి శక్తి తగ్గిపోతుంది, మళ్లీ అయస్కాంతీకరణ చేయించాల్సి వస్తుంది.

మరలు కూడా మాట్లాడతాయి. వెర్నియర్‌తో కొలిస్తే 13 మిల్లీమీటర్లకు కాస్త పైన వచ్చిన మరని అరంగుళం అనుకుని బలవంతంగా బిగించేవాళ్లున్నారు. అది పావు అంగుళం పైపు మర (పైపు మర పేరు పైపు లోపలి కొలతని బట్టి వచ్చింది, మర బయటి కొలత కాదు). పిచ్ గేజ్ (మర చుట్లు కొలిచే పళ్ల కొలబద్ద) పెడితే అంగుళానికి 19 చుట్లుంటే బ్రిటిష్‌ది, 18 ఉంటే అమెరికన్‌ది. అలాగే పోతతో ఉబ్బెత్తుగా వచ్చిన అంకెలు సాధారణంగా అచ్చు నంబర్లు. పార్ట్ నంబరు కావాలంటే సుత్తితో గుద్దిన అంకెలు, రేకు పట్టీ వెతకాలి. వైర్ బ్రష్ వేస్తే ముందు పోయేది ఆ పట్టీ మీది అక్షరాలే. కిరోసిన్‌లో తడిపిన గుడ్డ చాలు. ఎగ్జాస్ట్ దగ్గర తెల్లటి పీచు చుట్టి ఉంటే అది ఆస్బెస్టాస్ కావచ్చు, పొడిగా గీకితే ఊపిరితిత్తులకి ప్రమాదం. దాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి.

మీకు మా విన్నపం ఒకటే. ఫొటో పంపేవాళ్లని ఈ వివరాలు అడగండి: భాగం ఇంజన్ మీదే ఉండగా నాలుగు వైపుల నుంచీ తీసినవి, పక్కన స్కేలు పెట్టి తీసినది ఒకటి, ప్రతి గొట్టం ఎక్కడికి పోతోందో ఒక చేతిగీత, రెండు చుట్ల లెక్క. ఇప్పటికే ఊడదీసి ఉంటే, అది కూర్చున్న చోటి బోల్టు రంధ్రాల మధ్య దూరం, గాస్కెట్ అచ్చు ఫొటో పంపినా దారి దొరుకుతుంది.

ఇట్లు,
పాత ఇంజన్ల మరమ్మతు పనిలో ఉన్న కొందరు పాఠకులు