తామరకు ఆ ట్యూబు వద్దు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఏడో తరగతి పిల్లాడొకడు స్కేలును బెల్టు కిందికి దూర్చి గోక్కుంటూ కనిపించాడు. పక్కకు పిలిచి చూస్తే నడుము మీద రూపాయి బిళ్లలంత మచ్చలు. అంచు ఎర్రగా ఉబ్బి పొట్టు లేస్తోంది, మధ్యలో చర్మం దాదాపు మామూలుగానే ఉంది. తామర. ఇంట్లో చెప్పలేదా అంటే, "అమ్మకీ ఉంది సార్, ఇద్దరం ఒకే క్రీము రాసుకుంటున్నాం" అన్నాడు.

ఆ క్రీము గురించే ఈ ఉత్తరం.

నేనూ ఒకప్పుడు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు మూడు నెలలు రాశాను. రెండు రోజుల్లో దురద పోయేది, ఆపితే అంతకంత పాకేది. చివరికి డాక్టరుగారు ట్యూబు వెనక్కి తిప్పి 'క్లోబెటసాల్' అన్న మాట చూపించారు. అది స్టెరాయిడ్. ఎరుపునూ దురదనూ అణిచేస్తుంది, తామర తెచ్చే ఫంగస్ (బూజు లాంటిది) మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది. గుండ్రటి ఆకారం చెదిరిపోయి, చూడగానే తామరని పోల్చుకోవడమూ కష్టమవుతుంది. పైగా చర్మం పలచబడుతుంది. ఇలాంటివి చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం చెప్పింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు.

కాబట్టి డాక్టరుకు చూపించండి. మచ్చ మాయమైనా ఆయన చెప్పినన్నాళ్లూ మందు వాడాలి, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరికీ ఒకేసారి వైద్యం చేయించాలి. తువ్వాలు, దువ్వెన ఎవరివి వాళ్లకే. కుక్కపిల్లకో పిల్లికో బొచ్చు ఊడుతుంటే దాన్నీ చూపించండి, వాటి నుంచీ అంటుకుంటుంది.

తలలో వస్తే జుట్టు తెగి, పొట్టు రాలుతుంది. పేనుకొరుకుడు అనుకుని ఉల్లిపాయ రుద్దేవాళ్లున్నారు. తలలో తామరకు పైపూత చాలదు, డాక్టరు ఇచ్చే మాత్రలు కొన్ని వారాలు మింగాల్సిందే.

వైద్యం మొదలైతే పిల్లల్ని బడి మాన్పించక్కర్లేదు. మచ్చ మీద బట్ట కప్పి ఉంటే చాలు. ఎవర్నీ విడిగా కూర్చోబెట్టొద్దని టీచర్లకు చెప్పాను.

వానల్లో యూనిఫాం ఫ్యాను కింద ఆరీ ఆరకుండానే వేసి పంపాల్సొస్తోందని తెలుసు. తడి బట్ట, బిగుతు బెల్టు తామరకు భలే ఇష్టం. అందుకే ఆగస్టు నెలాఖరు దాకా బెల్టు తప్పనిసరి కాదు. సాక్సు ఆరకపోతే చెప్పులతోనే పంపండి, గేటు దగ్గర ఎవరూ ఆపరు.

మీ
ప్రధానోపాధ్యాయుడు