హిమానీనదం ఎంత వెనక్కి జరిగిందో కాదు, ఎంత పలచబడిందో రాయండి

సంపాదకులకు,

హిమాలయాల్లో ఫలానా హిమానీనదం ఏడాదికి ఇన్ని మీటర్లు వెనక్కి జరిగిందని పత్రికల్లో తరచూ చదువుతున్నాం. ఆ అంకె మంచు చివరి అంచు సంగతి మాత్రమే చెబుతుంది. రాళ్లూ మట్టీ మందంగా కప్పేసిన చోట ఆ అంచు ఏళ్ల తరబడి కదలకపోయినా కింద మంచు పలచబడుతూనే ఉంటుంది. అసలు నష్టం తెలియాలంటే రెండు కాలాల ఎత్తుల పటాలు తీసుకుని, కొత్తదాంట్లోంచి పాతదాన్ని తీసివేయాలి.

10 చదరపు కిలోమీటర్ల హిమానీనదం ఉపరితలం 20 ఏళ్లలో సగటున 10 మీటర్లు దిగిందనుకోండి. పోయింది 10 కోట్ల ఘనపు మీటర్లు. పైభాగంలో ఇంకా గట్టిపడని మంచు కూడా ఉంటుంది కాబట్టి ఘనపు మీటరుకు 850 కిలోలు, అటూ ఇటూ 60 కిలోల తేడాతో లెక్కకడతారు. 8.5 కోట్ల టన్నుల నీరు, అంటే మనకు తెలిసిన కొలతలో 3 టీఎంసీలు. ఒకచోట ఎత్తు తగ్గినంత మాత్రాన అక్కడ అంతే కరిగిందని కాదు. మంచు పైనుంచి కిందికి పారుతూ ఉంటుంది గనక మొత్తం హిమానీనదానికి కూడితేనే లెక్క నిలుస్తుంది.

తీసివేత తేలికే, దానికి ముందున్న పనే కష్టం. ఒక పటం వాలు దిశలో 10 మీటర్లు పక్కకు జరిగి ఉంటే 45 డిగ్రీల వాలు మీద ఎత్తూ 10 మీటర్లు తప్పుతుంది. తగ్గిన చోట ఒక రంగు, పెరిగిన చోట ఇంకో రంగు వేసిన తేడా పటంలో లోయకు ఒక గట్టంతా ఎర్రగా, ఎదుటి గట్టంతా నీలంగా కనబడితే అనుమానించాల్సింది దీన్నే. చుట్టూ ఉన్న, ఎత్తు మారని బండరాతి నేల మీద తేడా సున్నాకు దగ్గరగా వచ్చేదాకా పటాన్ని జరిపి సరిచేయాలి. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల ఎత్తులు సముద్రమట్టం నుంచి కొలిచినవి. ఉపగ్రహ పటాలు కొన్నింటికి ఎత్తు కొలవడం మొదలుపెట్టే ఆధారం వేరు, అది భూమి ఆకారానికి లెక్కగట్టి గీసిన నున్నటి ఉపరితలం. హిమాలయాల్లో ఆ రెంటి మధ్య పదుల మీటర్ల తేడా ఉంటుంది.

మన కార్టోశాట్-1 ఉపగ్రహం తీసిన వాటి వంటి స్టీరియో చిత్రాలకు, అంటే ఒకే చోటును రెండు కోణాల నుంచి తీసి ఎత్తు లెక్కగట్టే జంట చిత్రాలకు, కొత్త మంచే పెద్ద చిక్కు. తెల్లటి మైదానంలో రెండు చిత్రాలనూ జతచేయడానికి ఆనవాలంటూ దొరకదు. సాఫ్ట్‌వేర్ ఊహించి నింపిన ఎత్తుల్ని నమ్మకుండా తీసేయాలి. 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో తీసిన పటానిది ఇంకో లోపం. పొడి మంచులోకి ఆ రాడార్ కొన్ని మీటర్లు చొచ్చుకుపోతుంది. ఉపరితలం ఉన్నదానికన్నా కిందున్నట్టు నమోదవుతుంది. దాన్ని పాత పటంగా వాడితే నష్టం తక్కువగా తేలుతుంది.

జాగ్రత్తగా చేస్తే మాత్రం ఈ పద్ధతి గట్టిది. 1970ల నాటి అమెరికా హెక్సాగన్ నిఘా ఉపగ్రహపు ఫిల్ములతో 650 హిమానీనదాలను పోల్చి, 2000 తర్వాత నష్టం రెట్టింపైందని 2019లో తేల్చింది ఈ దారిలోనే. హిమాచల్‌లోని ఛోటా షిగ్రీ హిమానీనదంలో 2002 నుంచి మంచులో కర్రలు దింపి చేస్తున్న కొలతలతోనూ పటాల లెక్కను సరిచూస్తున్నారు.

ఇలాంటి వార్త వేసేటప్పుడు రెండు పటాలూ ఏ ఏడాది ఏ నెలవో, రాతి నేల మీద ఎంత తేడా మిగిలిందో కూడా అచ్చువేయండి. ఒకటి సెప్టెంబరుదీ మరొకటి ఫిబ్రవరిదీ అయితే, మధ్యలో కురిసిన మంచు కూడా ఆ అంకెలో కలిసిపోతుంది.

— ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే ఇద్దరు పాఠకులు, హైదరాబాద్