ఆ పర్మిట్ మీద సంతకం నాది

ఒడిశా ఫ్యాక్టరీలు, బాయిలర్ల శాఖ డైరెక్టర్ గారికి,
భువనేశ్వర్.

అయ్యా,

రాయగడ జిల్లాలో సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒడియా చదువుతాను గానీ రాయడం అంతగా రాదు. మీకు పంపిన అర్జీని మా మనవరాలు ఒడియాలోకి మార్చింది. ఇక్కడ తెలుగులోనే పెడుతున్నాను. ఇది చదవాల్సినవాళ్లలో చాలామంది మావాళ్లే.

ఫ్యాక్టరీ పేరు అనవసరం. మురుగునీటి సంపు కడగడానికి ఒక కాంట్రాక్టు కుర్రాణ్ణి దింపాం. మెట్ల మీద ఉండగా కుళ్లిన గుడ్ల కంపు అన్నాడు. ఇంకాస్త దిగాక, "వాసన పోయిందండీ, ఫర్వాలేదు" అని అరిచాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే ఆ విషవాయువు పోయి కాదు, ఎక్కువై ముక్కు మొద్దుబారింది. మరుక్షణం పడిపోయాడు. ఫైర్ వాళ్లు గాలి సిలిండర్లు తగిలించుకుని దిగి పైకి తీశారు. అదృష్టం, బతికాడు.

ఎంక్వైరీ ఒక్క వాక్యంలో తేల్చింది: తాడు కట్టిన సేఫ్టీ బెల్టు పెట్టుకోకపోవడం కార్మికుడి అజాగ్రత్త. గేట్ పాస్ రద్దు. వాడి వాంగ్మూలం ఒడియాలో రాసి, కింద తెలుగులో సంతకం పెట్టించుకున్నారు. అందులో ఏముందో నేను చదివి చెప్పేదాకా వాడికి తెలీదు.

బెల్టు పెట్టుకోలేదు, నిజమే. స్టోర్లో ఉన్నవి రెండు, ఒకదానికి కొక్కెం విరిగింది, రెండోది వేరే షిఫ్టు వాళ్ల దగ్గరుంది. గ్యాస్ మీటరు మూడు నెలలుగా రిపేరులో ఉంది. కొత్తది కొనమని పంపిన ఇండెంటు పర్చేజ్ సెక్షన్లో ఆగిపోయింది. ఫ్యాక్టరీ ఆపి పనులు చేసుకునే షట్‌డౌన్‌ని పైవాళ్లు ఒక రోజు తగ్గించారు. సంపులోకి దిగడానికిచ్చే అనుమతి పత్రం, అదే పర్మిట్‌లో, గ్యాస్ రీడింగ్ గడిలో ముందు రోజు అంకే మళ్లీ ఎక్కించి సంతకం పెట్టింది నేను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ తెలియని సూపర్‌వైజర్ ఉండేవాడు కాడు. ఇలాంటి చోట దిగేముందు అర్హుడైనవాడు లోపలి గ్యాస్‌ను స్వయంగా పరీక్షించి రాసివ్వాలి, లేదంటే శ్వాస పరికరం, తాడు కట్టిన బెల్టు ఉండాలి. భోపాల్ తర్వాత 1987లో చట్టం సవరించి, కంపెనీకి డైరెక్టరే ఆక్యుపయర్, అంటే ఫ్యాక్టరీకి చట్టప్రకారం బాధ్యుడు, అన్నారు. అంటే పైవాడెవరో చట్టం చెబుతుంది, కింద కుర్రాడు ఎటూ దొరుకుతాడు. మధ్యలో ఉన్న మేం జారిపోతాం.

ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి కొత్త సేఫ్టీ కోడ్ వచ్చింది. ఎంక్వైరీ రిపోర్టు మాత్రం పాత పద్ధతిలోనే రాయకండి. ప్రతి పేరు పక్కన మూడు సంగతులు రాయించండి: ఏం తెలుసు, పని ఆపే అధికారం ఉందా, ఆ రోజు ఏం చేశాడు. వాడి చోట ఇంకొకడున్నా అదే చేసేవాడా అని కూడా అడగాలి. చేసేవాడే అయితే తప్పు ఆ ఒక్కడిది కాదు, అక్కడి పని తీరుది. నాలుగు షిఫ్టుల్లోనూ మీటరు లేకుండానే రీడింగులు పడుతుండేవి. (అందరూ అంతే కదా అని నేనూ సరిపెట్టుకున్నాను. సంజాయిషీ కాదు, జరిగింది చెప్తున్నాను.) అలాగని అందరినీ జైలుకు పంపమనడం లేదు. భయపడితే రేపు మీటరు పాడైందని చెప్పేవాడే ఉండడు.

వాంగ్మూలం తెలుగైనా, కువి అయినా, సవర అయినా చెప్పినవాడి భాషలో చదివి వినిపించాకే సంతకం తీసుకోమనండి. ఆ కుర్రాడి ఎంక్వైరీ మళ్లీ తెరిస్తే ముందు నా వాంగ్మూలమే తీసుకోండి. ఆ పర్మిట్ కార్బన్ కాపీ నా దగ్గరే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సూపర్‌వైజర్,
రాయగడ