పిట్ట గూటి దగ్గర స్పీకర్లా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం శేషాచలం అడవుల్లో పిట్టలు చూడటానికి వెళ్లిన బృందం గురించి మీరు అరపేజీ కథనం వేశారు. పక్షులకు అంత చోటు ఇచ్చినందుకు ముందు సంతోషించాను. చదివాక ఉండబట్టలేక రాస్తున్నాను. ఫోన్‌లో రికార్డు చేసిన కూత పెట్టగానే పిట్ట ఎదురుగా వచ్చి వాలిందని మెచ్చుకుంటూ రాశారు. పక్కన పిల్లలున్న గూడు ఫొటో, పైగా అది ఏ దారిలో ఏ మలుపు దగ్గరుందో కూడా!

ఆ పిట్ట సరదాపడి రాలేదండీ. గూడు కట్టే రోజుల్లో మగపిట్ట ఈ జాగా నాదని కూసి చెప్పుకుంటుంది. స్పీకర్‌లో తన జాతి కూత వినపడితే ఇంకో మగపిట్ట చొరబడిందనుకుని, మేత మానేసి తరమడానికి వస్తుంది. అక్కడ ఎవరూ ఉండరు. మళ్లీ కూత పెడతారు, మళ్లీ వెతుకులాట. ఒక బృందం వెళ్లగానే ఇంకొకరు వచ్చి అదే మొదలు. ఈలోగా గూట్లో పిల్లలకు మేత ఎవరు పెట్టాలి? కాకి వస్తే ఎవరు అడ్డం? ఇక్కడి పసుపు మెడ బుల్‌బుల్ దక్షిణాది రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. అది కనపడితే చాలని దూరాల నుంచి వచ్చేవాళ్లే దాన్ని ఇలా సతాయిస్తే ఎలా?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గూళ్లను, గుడ్లను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? ఏటా అక్టోబరు మొదటి వారంలో వన్యప్రాణి వారోత్సవాలంటారు. ఫ్లెక్సీలు, ర్యాలీలు, ఉపన్యాసాలు అన్నీ అవుతాయి. ఆ తర్వాత ఏ జాతీయ పార్కుకెళ్లినా పులి బొమ్మ ఉన్న బోర్డే గానీ, పిట్టల దగ్గర ఎలా మసలుకోవాలో చెప్పే బోర్డు కనపడటం గగనం. పాటలు పెట్టుకుని జలపాతాల దగ్గర గంతులేసేవాళ్లనీ, ప్లాస్టిక్ పారేసేవాళ్లనీ అడిగే నాథుడే లేడు. ఇంక ఫోన్‌లో కూతలు పెట్టేవాళ్లను ఎవరడుగుతారు?

పిట్టను చూడాలంటే స్పీకరే కావాలా? 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్టను 1986లో కడప జిల్లాలో పక్షి శాస్త్రవేత్త భరత్ భూషణ్ మళ్లీ కనుగొన్నారు. అక్కడ పిట్టలు పట్టుకుని బతికే ఐతన్న సాయంతోనే అది సాధ్యమైంది. అడవి అంచు పల్లెల్లో అలాంటి చూపున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు శిక్షణ, జీతం ఇచ్చి గైడ్లుగా పెట్టుకోవచ్చు. ఏ చెట్టు పండితే ఏ పిట్ట వస్తుందో వాళ్లకు తెలుసు. దూరంగా ఓపిగ్గా కూర్చుంటే చాలు.

మీరు మాత్రం ఆ గూడు ఉన్న చోటు వివరాలు మీ వెబ్ ఎడిషన్ నుంచి ఈరోజే తీసేయండి. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ దారిన ఎవరూ వెళ్లొద్దని వచ్చే ఆదివారం అదే పేజీలో రాయండి.

– ఒక పాఠకుడు