98 డిగ్రీల దగ్గర మరిగిన నీళ్లు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

నవంబరులో ఒక రోజు తొమ్మిదో తరగతి ల్యాబ్ పీరియడ్‌కి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. పిల్లలు బీకరులో నీళ్లు మరిగిస్తూ నిమిషానికోసారి థర్మామీటరు చూసి రాసుకుంటున్నారు. నా పక్కనున్న గ్రూపుకి 98 దగ్గర ఆగిపోయింది. నీళ్లు కళపెళా మరుగుతున్నాయి, అంకె మాత్రం కదలడం లేదు. ఒక అమ్మాయి ఇంకో రెండు నిమిషాలు ఓపిగ్గా చూసి, రికార్డులో 100 అని రాసింది. ఎందుకలా రాశావమ్మా అని అడిగితే, "పుస్తకంలో అదే ఉంది మేడమ్, మాకే తప్పొచ్చింది" అంది. మిగతా గ్రూపుల రికార్డులు తెప్పించి చూశాను. అన్నిట్లోనూ 100.

ఆ రోజంతా మనసు అక్కడే ఉండిపోయింది. ఎందుకంటే ఆ పిల్ల చూసిందే సరైనది. హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, నీళ్లు కాస్త ముందే మరుగుతాయి. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున లెక్కేసుకున్నా మన ఊళ్లో నీళ్లు మరగాల్సింది 98కి కొంచెం పైనే. పుస్తకంలోని 100 సముద్రమట్టం దగ్గరి మాట. కళ్లెదుట కనిపించినదాన్ని కాదనుకుని పుస్తకంలోది రాయడం ఆ పిల్ల తప్పు కాదు. అది మేం నేర్పిన అలవాటు. నేను ఇంటర్ చదివేటప్పుడు లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం 9.8 రావాలని ముందే రాసుకుని, దానికి తగ్గట్టు రీడింగులు వెనక్కి లెక్కగట్టాను. టీచరునయ్యాక అవే రికార్డులు దిద్ది, జవాబు సరిపోయిన వాళ్లకు పూర్తి మార్కులు వేశాను.

జనవరి 12 జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పుట్టినరోజు. 1895లో భీమవరంలో పుట్టారని, మెట్రిక్యులేషన్ తప్పి కూడా పట్టు వదల్లేదని, తర్వాత అమెరికాలోని బోస్టన్ వెళ్లారని ఏటా అసెంబ్లీలో చెబుతూనే ఉన్నాం. ల్యాబ్‌లో ఆయన పని ఎలా సాగిందో మాత్రం పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. ఈ ఏడాది అదే చెప్పబోతున్నాం.

హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను కొలిచే ఒక పద్ధతి తయారుచేశారు. ద్రావణంలో ఫాస్ఫేటు ఉంటే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని ఇప్పటికీ వాళ్లిద్దరి పేరుతోనే పిలుస్తారు. అదే పద్ధతితో కండరం నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షించినప్పుడు ఒక చిక్కొచ్చింది. మామూలు ఫాస్ఫేటుతో వచ్చినంత త్వరగా రంగు రాలేదు. మెల్లమెల్లగా, ఆలస్యంగా చిక్కబడింది.

కాసేపు ఆగి, రంగు పూర్తిగా వచ్చాక చివరి అంకె రాసేసుకుంటే రికార్డు శుభ్రంగా ఉండేది. మా ల్యాబ్‌లో అయితే అలాగే రాయించేవాళ్లం. వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫేటు చాలావరకు విడిగా లేదు. క్రియాటిన్ అనే పదార్థంతో ముడిపడి ఉంది. పరీక్ష కోసం వేసిన ఆమ్లంలో ఆ ముడి కొద్దికొద్దిగా విడుతోంది. అంతకుముందు పద్ధతులతో కొలిచేసరికే అది పూర్తిగా విడిపోయేది కాబట్టి అలాంటిదొకటి ఉందనే తెలియలేదు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి దొరికితే మళ్లీ పెరుగుతుంది. అప్పటికి కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని అనుకునేవారు. కండరాల మీద ఆ పరిశోధనలకు 1922 నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. కొన్నేళ్లలోనే ఆ అభిప్రాయం మార్చుకోవాల్సి వచ్చింది.

నాకు ఇందులో బాగా నచ్చిన విషయం, వాళ్లు మొదలుపెట్టిన ప్రశ్న ఒకటి, దొరికిన ప్రశ్న ఇంకొకటి. ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం అని మా రికార్డుల్లో వరసగా గీసుకున్న గళ్లలో ఇలాంటిదానికి చోటే లేదు. ఇంకో సంగతి, అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా వేరే దారిలో ఆ పదార్థం దగ్గరికే చేరారు. ఒకరు చూసింది ఇంకొకరికీ కనబడాలి. సైన్సులో నమ్మకం అలా కుదురుతుంది.

తేడా వచ్చిన ప్రతిసారీ కొత్త విషయం దొరికినట్టు కాదు. చాలాసార్లు పరికరమే తప్పు చూపిస్తుంది. ఏది ఏదో తేల్చుకోవడంలోనే శాస్త్రవేత్తలకు ఎక్కువ కాలం గడుస్తుంది. అందుకని డిసెంబరులో అదే ప్రయోగం మళ్లీ చేయించాం. ముందు ఆరు థర్మామీటర్లనూ కరుగుతున్న మంచుముక్కల్లో పెట్టించాం. ఒకటి సున్నాకు బదులు 2 చూపించింది, దాన్ని పక్కన పెట్టాం. నాలుగు గ్రూపులకు 98 అటూ ఇటూగా వచ్చింది. ఒక గ్రూపుకి 96. థర్మామీటరు సరిగా ముంచలేదని కొందరు, కన్ను సమానంగా పెట్టి చూడలేదని కొందరు రెండు పీరియడ్లు వాదించుకున్నారు. చివరికి సైన్సు టీచరును అడిగితే, "నాకూ తెలియదు, మళ్లీ చేద్దాం" అన్నారు. పదకొండేళ్లలో క్లాసులో తానా మాట అనడం అదే మొదటిసారని తర్వాత ఆవిడ నాతో చెప్పారు. ఆ మాట మా స్టాఫ్‌రూములో అందరికీ అలవాటు కావాలని నా కోరిక.

ఈ నెల నుంచి సైన్సు రికార్డులో కాగితం చింపడం, వైట్‌నర్ పెట్టడం ఉండవు. ల్యాబ్‌లో పెన్నుతో రాసిందే రికార్డు. ఫెయిర్ కాపీ అక్కర్లేదు. ఫలితం పుస్తకంతో కలవనందుకు మార్కు కోయం, ఎందుకు కలవలేదో ఆలోచించి రాస్తే మార్కు వేస్తాం. ఇంట్లో మీరు పుస్తకం తిప్పి చూస్తే కొట్టివేతలు కనిపిస్తాయి. వాటికి తిట్టకండి. ఫిబ్రవరి 28 సైన్సు డేకి షాపులో కొన్న మోడళ్లు, మీరు రాత్రంతా కూర్చుని అంటించిన థర్మోకోల్ బొమ్మలు తీసుకోం. పిల్లల నోటుపుస్తకాలనే టేబుళ్ల మీద పెడతాం.

మార్కుల గురించి మీకు టెన్షన్ ఉంటుందని తెలుసు. పబ్లిక్ పరీక్షలో మన పిల్లలు 100 అనే రాస్తారు, "సాధారణ వాతావరణ పీడనం దగ్గర" అన్న మాట కలిపి. ఆ మాట ఎందుకుందో తెలిసిన పిల్లలు దాన్ని మర్చిపోరు.

సంక్రాంతి సెలవులకు తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు స్కూలు థర్మామీటర్లు అడిగి తీసుకెళ్తున్నారు. ఇద్దరు భీమవరం దగ్గరి అమ్మమ్మగారి ఊళ్లకు, ఒకరు కాకినాడకు, ఒకరు అరకుకు. పొయ్యి దగ్గర పెద్దవాళ్లు ఒకరు తప్పకుండా నిలబడండి. థర్మామీటరు గిన్నె అడుగుకు తగలకుండా చూడండి. ఎంత రావాలో మాత్రం దయచేసి ముందే చెప్పేయకండి. స్కూలు తెరిచిన రోజున ఆ నాలుగు అంకెలూ, మన ఊరి అంకె పక్కన, నోటీసు బోర్డు మీద ఉంటాయి.

పండగ శుభాకాంక్షలతో,
మీ ప్రధానోపాధ్యాయిని